మునేటి సీమలో పుస్తకాల కొట్టు

కృష్ణా జిల్లా అనగానే చాలామందికి కాలువలూ, కొబ్బరిచెట్లూ, కనుచూపు మేర వరిచేలూ జ్ఞాపకం వస్తాయి. జిల్లాకు మరొక ముఖం కూడా ఉన్నది. బెజవాడ దాటి హైదరాబాదు రోడ్డున పడమటికి పోతే అది కనిపిస్తుంది. అక్కడి నేల మెట్ట. చాలాచోట్ల కొంచెం తవ్వితే సున్నపురాయి తగులుతుంది. పత్తి, మిరప, కంది, పెసర అక్కడి పంటలు. నాగార్జునసాగరు ఎడమ కాలువ వచ్చిన తరువాత కొంత భూమి మాగాణి అయింది గాని, మబ్బు వంక చూసే అలవాటు అక్కడి రైతుకు ఇంకా పోలేదు. నందిగామ, జగ్గయ్యపేట ఆ సీమకు రెండు పెద్ద ఊళ్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు అవి ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వెళ్లినవి. అయినా పెద్దవాళ్ల నోట "మాది కృష్ణా జిల్లా మెట్ట" అనే మాట ఇంకా వినిపిస్తుంది.

మే మొదటివారంలో అటు బయలుదేరుతున్నానంటే ఇంట్లోవాళ్లు నన్ను వింతగా చూశారు. ఎండాకాలం ఊటీకో అరకుకో పోయేవారిని చూశాం గాని, జగ్గయ్యపేట పోయేవారిని చూడలేదన్నారు. అక్కడొక పుస్తకాల కొట్టు ఉన్నదనీ, పుస్తకాలతోపాటు పాటలు కూడా అమ్ముతారనీ, యజమాని ప్రతి వేసవికీ "ఎండాకాలం జాబితా" ఒకటి చేత్తో రాసి గోడకు అంటిస్తారనీ, వచ్చే ఏడు ఆ జాబితా ఉంటుందో లేదో చెప్పలేమనీ ఒక మిత్రుడు చెప్పాడు. ఆ ఆఖరి మాట నన్ను బస్సెక్కించింది.

విజయవాడ నుంచి నందిగామ దాదాపు 50 కిలోమీటర్లు. జగ్గయ్యపేట 80. ఇబ్రహీంపట్నం దాటాక పరిటాలలో 135 అడుగుల ఆంజనేయస్వామి రోడ్డు పక్కనే నిలుచుని ఉంటాడు. బస్సులో పిల్లలందరూ కిటికీల వైపు ఒరిగి స్వామి మొహం చూడాలని ప్రయత్నిస్తారు. మొహం కనపడేలోగా బస్సు దాటిపోతుంది. ఆ చుట్టుపక్కల కొన్ని ఊళ్లు పూర్వం నిజాం ఇలాకా. చుట్టూ ఇంగ్లీషువాళ్ల రాజ్యం, నడుమ లంకలాగా నిజాం గ్రామాలు. వాటిలో ఒకటి మోగులూరు. రావూరి భరద్వాజ 1927లో అక్కడే పుట్టారు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి 2012 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. తెలుగులో విశ్వనాథ సత్యనారాయణ, సి. నారాయణరెడ్డిగార్ల తరువాత ఆ గౌరవం దక్కింది ఆయనకే.

నా పక్క సీటులో ఒక కుర్రవాడు కూర్చున్నాడు. మోగులూరు తెలుసా అని అడిగాను. మేనత్తగారి ఊరేనన్నాడు. భరద్వాజ తెలుసా అంటే, "ఏ వీధిలో ఉంటారండీ?" అన్నాడు. నవ్వుకున్నాను గాని, పిల్లవాడిని అనవలసిందేమీ లేదు. ఎవరైనా చెబితే కదా తెలిసేది!

కీసర దగ్గర మునేరు దాటుతాం. వేసవిలో మునేటిలో నీళ్లకంటె ఇసుక ఎక్కువ. వంతెన దాటిన కాసేపటికే నందిగామ. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి స్పీకరుగా పనిచేసిన అయ్యదేవర కాళేశ్వరరావుగారి జన్మస్థలం ఇది. బెజవాడలో కాళేశ్వరరావు మార్కెట్టుకు కూరలకు పోయేవారికి ఆయన పేరు నిత్యం నోట్లో నానేదే. ఆయనకు పుస్తకాలతో ఉన్న సంబంధం మాత్రం అంతగా ప్రచారంలో లేదు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినవారిలో ఆయన ఒకరు.

ఆ మండలి వెనుక అసలు మెదడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. ఆయనదీ ఈ సీమే. నందిగామకు ఉత్తరాన, మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలులో 1877 మే 18న పుట్టారు. తిరుపతమ్మ తల్లి గుడి వల్ల ఆ ఊరు పేరు నలుదిక్కులా తెలుసు. రెండేళ్లకొకసారి అమ్మవారి విగ్రహాలను రంగులు వేయడానికి జగ్గయ్యపేట తీసుకుపోతారు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా జనమే. నేను వెళ్లిన రోజున గుడి ముందు కొట్లలో గాజులు, కుంకుమ, చెక్కబొమ్మలు, అమ్మవారి చరిత్ర పుస్తకాలు అమ్ముతున్నారు. ఒక కొట్లో లక్ష్మణరావుగారి పేరు ఎత్తితే, "ఏ లక్ష్మణరావండీ? రైసుమిల్లు ఆయనా?" అని అడిగారు.

ఆ లక్ష్మణరావుగారు 46 ఏళ్లే బతికారు. మునగాల రాజావారి దివానుగా ఉంటూ, ఆ రాజావారినీ, రావిచెట్టు రంగారావుగారినీ కలుపుకుని 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం నెలకొల్పారు. తరువాత విజ్ఞాన చంద్రిక. అంతకుముందు తెలుగులో అచ్చయ్యేవి ఎక్కువగా కావ్యాలు, ప్రబంధాలు, పురాణాలు. చరిత్ర, సైన్సు, మహనీయుల జీవితాలు మామూలు గృహస్థుకు అర్థమయ్యే వచనంలో రాయించి, చందాదారులకు చౌకగా అందించడం ఈ మండలి చేసిన పని. వారి మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఎక్కడి అమెరికా, ఎక్కడి లింకను! కావాలని ఎవరూ అడగని పుస్తకం అది. "మీరు అడగలేదుగాని, ఇది చదవండి, మీకు నచ్చుతుంది" అని ఇంటికి పంపడంలోనే లక్ష్మణరావుగారి తెలివి ఉన్నది. 1960లలో ఎమెస్కోవారు "ఇంటింటా సొంత గ్రంథాలయం" అన్నప్పుడూ ఆ తెలివే మళ్లీ పనిచేసింది.

ఆయనకంటె మూడేళ్లు పెద్దది అక్కగారు, భండారు అచ్చమాంబ. ఆమెదీ పెనుగంచిప్రోలే. పదేళ్లకే పెళ్లయింది. బడి మొహం చూడలేదు. తండ్రి పోయాక తల్లీ తమ్ముడూ ఆమె ఇంటనే ఉన్నారు. తమ్ముడు చదువుకుంటూ ఉంటే పక్కన కూర్చుని తనూ నేర్చుకున్నది. అట్లా చదువుకున్న ఇల్లాలు 1901లో "అబలా సచ్చరిత్ర రత్నమాల" ప్రకటించింది. 1902లో "హిందూ సుందరి" పత్రికలో "ధనత్రయోదశి" అనే కథ రాసింది. గురజాడవారి "దిద్దుబాటు" వచ్చింది 1910లో. లెక్క మీరే చూసుకోండి. ఆమె 1905లో, చిన్న వయస్సులోనే పోయింది.

పెనుగంచిప్రోలు నుంచి తిరిగి పెద్దరోడ్డెక్కి, చిల్లకల్లు దగ్గర మలుపు తిరిగి జగ్గయ్యపేట చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఈ ఊరి పాత పేరు బేతవోలు. అమరావతి ఏలిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు పేట కట్టించి, తండ్రి జగ్గయ్యగారి పేరు పెట్టారు. ఊరి పక్క దిబ్బను ధనబోడు అంటారు. ధనం ఉన్నదో లేదో గాని, 1882లో జేమ్స్ బర్జెస్ దొర అక్కడ తవ్వించి బౌద్ధస్తూపం బయటపెట్టాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి నాటి శాసనాలు అక్కడ దొరికినవి. మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉన్నది. పదిహేడు వందల ఏళ్లనాడే ఈ ఊళ్లో అక్షరాలకు విలువ ఉండేదన్నమాట.

ఇక కొట్టు సంగతి. బజారులో రెండు పెద్ద దుకాణాల మధ్య ఇరుక్కుని ఉన్నది. యజమానికి అరవై దాటినవి. పేరూ, కొట్టు పేరూ పత్రికలో వేయవద్దన్నారు. "జాబితా వేయండి, చాలు. జనం పుస్తకం పేరు గుర్తుపెట్టుకోవాలిగాని, అమ్మేవాడి పేరెందుకండీ!" అన్నారు. తండ్రిగారు గ్రామఫోను రికార్డులతో మొదలుపెట్టారట. పక్కకు మూడు నిమిషాలు పాడే పెద్ద నల్ల పళ్లేలు. తరువాత లాంగ్ ప్లే రికార్డులు, క్యాసెట్లు, సీడీలు. ఇప్పుడు బొటనవేలంత పెన్‌డ్రైవులో వెయ్యి పాటలు. "మా నాన్న కాలంలో పాట ఎత్తాలంటే మనిషి కావాలి. ఇప్పుడు పాట జేబులో పడిపోయినా తెలియదు" అంటారు. ఎడమ వైపు గోడంతా పుస్తకాలు, కుడివైపు పాటలు, నడుమ నోటుపుస్తకాలు, కలాలు, జామెట్రీ పెట్టెలు. జూన్‌లో నడుమ సరుకు అమ్మిన డబ్బే రెండు గోడలనూ సంవత్సరం పొడుగునా పోషిస్తుంది.

గోడ మీద జాబితా చూశాను. ఒక్కొక్క పుస్తకానికి ఒక పాట జతకట్టి ఉన్నది. ఎవరికి ఏది ఎందుకో ఆయన చెబుతూ ఉంటే నేను రాసుకున్నాను.

పిల్లలకు ముళ్లపూడి వెంకటరమణగారి "బుడుగు", 1957 నాటి "మాయాబజార్" పాటలు. "బుడుగును పిల్లవాడి చేతికిచ్చి మీరు నిద్రపోకండి. మధ్యాహ్నం చాపమీద కూర్చోబెట్టుకుని పైకి చదవండి. బాపుగారి బొమ్మలు చూపించండి. రెండోరోజున వాడే లాక్కుని చదువుతాడు." పాత "చందమామ"ల కోసం కూడా అడిగేవారు ఎక్కువేనట. 1947లో పుట్టిన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. దొరికినప్పుడల్లా పాత సంచికలు కొని, బైండు చేయించి ఉంచుతారు.

ఆగస్టులో అమెరికా చదువులకు పోయే కుర్రవాళ్లకు మొక్కపాటి నరసింహశాస్త్రిగారి "బారిస్టర్ పార్వతీశం". మొదటి భాగం వచ్చి వందేళ్లు దాటింది. "పెట్టె సర్దుకునేముందు ఇది చదివితే సగం భయం పోతుందండీ. మిగతా సగం విమానంలో పోతుంది" అన్నారు. దానికి జత ఘంటసాల పాడిన "పుష్పవిలాపం". ఎందుకంటే, అక్కడ మొదటి చలికాలం గదిలో ఒక్కడే కూర్చున్నప్పుడు తెలుగు పద్యం ఎంత దగ్గరగా వినిపిస్తుందో పోయినవాళ్లు ఫోను చేసి చెప్పారట.

ఆవకాయ రోజుల్లో ఇల్లాళ్లకు నూజివీడు ఆడపడుచు మాలతీ చందూర్‌గారివి రెండు. ఒకటి వంటల పుస్తకం. జాడీ మూత కట్టేశాక రెండోది, "పాత కెరటాలు". ప్రపంచంలోని పెద్ద నవలలను ఆమె పక్కింటావిడతో చెప్పినంత సులువుగా అందులో చెప్పారు. పాటకు బాలమురళీకృష్ణగారి తత్త్వాలు. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో స్టేషను వచ్చింది మొదలు భక్తిరంజనితో తెల్లవారిన ఇళ్లు ఈ సీమలో ఎన్నో!

తాతగార్లకు సత్యం శంకరమంచిగారి "అమరావతి కథలు", ఎం.ఎస్. రామారావుగారి "సుందరకాండ". "మా ఊరు కట్టించిన నాయుడుగారే అమరావతి కట్టించింది. ఆ నూరు కథలూ మా ఇంటివే అనుకుంటాం" అన్నారు. సెలవుల్లో ఎటూ పోలేనివారికి ఏనుగుల వీరాస్వామయ్యగారి "కాశీయాత్ర చరిత్ర". ఆయన 1830 మే 18న, మండుటెండలో, మద్రాసునుంచి బయలుదేరి మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగివచ్చాడు. "ఏ.సి. బస్సులో కూర్చుని ఉక్కపోతంటున్నవారికి ఈ పుస్తకం ఇస్తాను. మళ్లీ ఆ మాట అనరు."

ఇంటర్మీడియట్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నవారికి భరద్వాజగారి "జీవన సమరం". మన చుట్టూ తిరిగే బడుగు మనుషుల బతుకుల పుస్తకం. దానితో బుర్రకథ నాజర్‌గారి జీవితకథ "పింజారి", ఆయన పాడిన "పల్నాటి యుద్ధం". "మొదట విని తరువాత చదవాలి. అంత గొంతు ఏ ఆకలిలోనుంచి వచ్చిందో అప్పుడు తెలుస్తుంది."

మేము మాట్లాడుతూ ఉండగానే ఒక పెద్దావిడ వచ్చింది. పక్క పల్లెటూరు. మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుందట; చీర చెంగుకు ఆ ఘాటు ఇంకా ఉన్నది. అరవై ఏళ్ల వయస్సులో, మనుమరాలు బడిపాఠాలు వల్లె వేస్తూ ఉంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నదట. కిందటి వారం వచ్చి, "పెద్ద అచ్చుది ఏదన్నా ఉందా బాబూ?" అని అడిగితే, యజమాని అచ్చమాంబగారి "ధనత్రయోదశి" ఇచ్చారు. ఆ కథను ఆయనే పెద్ద అక్షరాలతో చిన్న పుస్తకంగా వేయించి పది రూపాయలకు అమ్ముతున్నారు. పండుగ పూట చేతిలో డబ్బులేని దంపతుల కథ అది. తప్పుదోవ పట్టబోయిన భర్తను భార్య నిలబెడుతుంది.

"చదివావా అమ్మా?" అని అడిగారు యజమాని.

"నాలుగు రోజులు పట్టింది బాబూ. కూడబలుక్కుంటా చదివా. మొగుడు కాలుజారబోతే నిలబెట్టిందిగా! మా ఊళ్లో అట్టాంటి ఆడాళ్లు ఉన్నారు. వాళ్ల కథలు ఎవరూ రాయలా."

"రాసినావిడ మీ పక్కనే, పెనుగంచిప్రోలు. ఆవిడా బడికి పోలేదు. తమ్ముడి పక్కన కూర్చుని నేర్చుకుంది."

పెద్దావిడ కాసేపు మాట్లాడలేదు. "తిరపతమ్మ తల్లి ఊరావిడా!" అని, పుస్తకం అట్ట ఒకసారి చేత్తో తుడిచి, "అయితే ఇది తిరిగి ఇయ్యను బాబూ, ఉంచుకుంటా. ఇంకోటి ఇయ్యి" అన్నది. ఆయన లోపలికి పోయి వెతకడం మొదలుపెట్టారు. పెద్ద అచ్చుతో ఉన్నవి మరి రెండే దొరికినవి.

ఆమె వెళ్లాక ఆయన అసలు సంగతి చెప్పారు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. పుస్తకాల గోడ తీసేసి సెల్‌ఫోను సామాను పెడితే అద్దెకైనా ఇబ్బంది ఉండదని అతని సలహా. సలహాలో చెడ్డ ఏమీ లేదు. లెక్క కూడా అతని వైపే ఉన్నది. ఈ వేసవిలో కథల పుస్తకాలూ పాటలూ కలిసి కనీసం కొట్టు అద్దె తెచ్చిపెడితే గోడ ఉంటుంది, లేకపోతే జూన్ నెలాఖరుకు తీసేయాలి అని తండ్రీకొడుకులు ఒప్పందానికి వచ్చారు. "ఇప్పటికి ఎంతవరకు వచ్చింది?" అన్నాను. "సగం దాటింది. రోహిణీకార్తె ఇంకా ముందున్నది. ఎండ ముదిరితే జనం ఇంటిపట్టున ఉంటారు. ఇంటిపట్టున ఉన్నవాడే చదువుతాడు" అన్నారు. ఎండలు ముదరాలని కోరుకునే మనిషిని నేను చూడడం అదే మొదలు.

ఆ లెక్క పూర్తి చేయడానికి ఆయన ఈ వేసవిలో రెండు కొత్త పద్ధతులు పెట్టారు. మొదటిది: పుస్తకం కొని చదివి, నలగకుండా నెలలోగా తిరిగి ఇస్తే ధరలో నాలుగోవంతు మినహాయించుకుని మిగతా డబ్బు ఇచ్చేస్తారు. రెండోది: ఇళ్లలో మూలపడిన పాత క్యాసెట్లు తెస్తే అందులోని గొంతులను పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇస్తారు. నేనున్నప్పుడే ఒకాయన తండ్రిగారి హరిశ్చంద్ర పద్యాల క్యాసెట్టు తెచ్చాడు. కాటిసీను పద్యం మొదలయింది. నడుమ ఎవరో చంటిపిల్లవాడు ఏడ్చాడు. "ఆ ఏడ్చేది నేనేనండీ" అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ.

డెల్టాలో నీరున్నది కనుక 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. మెట్టకు పడవ రాదు. ఇక్కడ పుస్తకం రావాలంటే ఎవరో ఒకరు బెజవాడ ఏలూరు రోడ్డుకు పోయి, సంచిలో మోసుకుని బస్సులో తేవాలి. ఈయన నలభై ఏళ్లుగా ఆ పనిచేస్తున్నారు. పెనుగంచిప్రోలు బిడ్డ నూరేళ్లకు పూర్వం చందాలు కట్టించి దేశమంతటికీ చేసిన పని ఇది. తక్కువ మందికే గాని, మనిషిని చూసి, మొహం చూసి పుస్తకం ఇవ్వడం ఇక్కడ అదనం. పుస్తకాలు ఇంటికి తెప్పించుకునే సౌకర్యాలు ఇప్పుడు చాలానే ఉన్నవి. వాటికి పుస్తకం పేరు ముందు మనం చెప్పాలి. ఆ మిరపచేల పెద్దావిడకు ఏ పేరు తెలుసు?

ఆ వైపు పోయేవారికి ఒక మాట. వైశాఖంలో వేదాద్రి నరసింహస్వామి దర్శనానికీ, తిరుమలగిరి వెంకన్న కొండకీ జగ్గయ్యపేట మీదుగా పోయే కుటుంబాలు ఎన్నో ఉంటాయి. కృష్ణలో స్నానం, దర్శనం ఉదయమే ముగించుకోండి. కొట్టు మధ్యాహ్నం మూసి, సాయంత్రం ఐదింటికి తెరుస్తారు. ముందు బల్ల మీద కుండలో చల్లని నీళ్లుంటాయి. బజారులో పుస్తకాల కొట్టేదని అడగకండి, బడిపుస్తకాల దుకాణం చూపిస్తారు. పాటల కొట్టు అని అడగండి. ఖాళీ సంచి ఒకటి వెంట ఉంచుకోండి. జూన్ నెలాఖరు లోపల పోవడం మంచిది.